బెనిఫిషియరీ కాలమ్‌లో ఎవరి పేరుందో చూశారా?

అక్కలూ, చెల్లెళ్లూ! చావు మాటెత్తితే చాలు, మన ఇళ్లలో "శుభమా అంటూ ఆ మాటలేంటి, పైన తథాస్తు దేవతలుంటారు" అంటారు. కానీ ఇది కూడా ఇంటి లెక్కే. అమెరికాలో ఉన్న ప్రతి ఆడమనిషికీ ఈ లెక్క తెలిసి తీరాలని నా అభిప్రాయం.

ముందు ఒక తేడా గమనించండి. ఇండియాలో బ్యాంకు డిపాజిట్లకి, షేర్లకి నామినీ అంటే డబ్బు అందుకుని వారసులకు అప్పగించే మనిషి. షేర్ల విషయంలో 2023లో సుప్రీంకోర్టు మళ్లీ ఇదే చెప్పింది. అమెరికాలో అలా కాదు. బెనిఫిషియరీగా ఎవరి పేరుంటే డబ్బు వాళ్లకే వెళ్తుంది. వీలునామాలో ఇంకోలా రాసుకున్నా చెల్లదు.

డ్యూపాంట్ ఉద్యోగి ఒకాయన విడాకుల తర్వాత ఫారం మార్చలేదు. ఆ డబ్బు మీద హక్కు వదులుకుంటున్నట్టు విడాకుల కాగితాల్లో ఉంది. అయినా ఆయన పోయాక సుమారు 4 లక్షల డాలర్లు మాజీ భార్యకే ఇచ్చారు. కూతురు కోర్టుకెక్కింది. ఫారం ప్రకారం ఇవ్వడం సరైనదేనని 2009లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది.

మన ఇళ్లకొస్తే, పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరిన రోజున మీ ఆయన అమ్మ పేరో, తమ్ముడి పేరో రాసి ఉండొచ్చు. 401(కె)లో అయితే సాధారణంగా భార్య రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఆమెను తప్పించడం కుదరదు. కంపెనీ ఇచ్చే లైఫ్ ఇన్సూరెన్స్‌కి ఆ రక్షణ లేదు. "మా అమ్మ పేరు తీసేయమంటావా?" అని గొడవ అక్కర్లేదు. అత్తగారికి ఇంత శాతం, మీకు ఇంత శాతం అని పంచి రాయొచ్చు.

ఇక పిల్లలు. మైనర్ల పేరు నేరుగా రాస్తే డబ్బు వాళ్ల చేతికివ్వరు, మధ్యలోకి కోర్టు వస్తుంది. ట్రస్టు ఉండేది ఇలాంటి వాటికే. తల్లిదండ్రులిద్దరూ లేకపోతే పిల్లల్ని ఎవరు పెంచాలో వీలునామాలో రాయండి. లేదంటే ఎవరి మాటా తెలియకుండా జడ్జిగారు నిర్ణయించాల్సి వస్తుంది. అమ్మమ్మకి వీసా వచ్చేదాకా పిల్లలు ఎవరింట్లో ఉంటారు? ఇక్కడి స్నేహితురాలిని అడిగి, తాత్కాలిక గార్డియన్‌గా ఆమె పేరు కూడా రాయించండి.

సిటిజన్‌షిప్ తీసుకోకుండా ఇండియాకి వెళ్లి స్థిరపడినవాళ్లూ వినండి. మీ పేరున ఇక్కడి కంపెనీల షేర్లు, ఇల్లు లాంటివి 60,000 డాలర్లు దాటి ఉంటే, మీ తర్వాత అమెరికా ఎస్టేట్ టాక్స్ పడొచ్చు.

ట్రస్టుకి లాయరు ఫీజు బరువనిపిస్తే కొన్నాళ్లు ఆగండి. బెనిఫిషియరీ పేరు మార్చుకోవడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే ఏం లాభం? ఈ శనివారం ఇద్దరూ లాప్‌టాప్ ముందు కూర్చుని, ఒక్కో అకౌంటూ తెరిచి ఆ కాలమ్ చూడండి. ఏ అకౌంటు ఎక్కడుందో ఒక పుస్తకంలో రాసి, ఆ పుస్తకం ఎక్కడ పెట్టారో ఇండియాలో ఒక్కరికైనా చెప్పండి.