ఆటగాండ్ర రచనలకు దిక్కెవ్వరు?

ఒకని చేతిపని వేరొకని కొట్టులో నున్నంతమాత్రమున కొట్టువాడు దానిని తగులబెట్టవచ్చునా? కూడదని పసిబిడ్డయైనను చెప్పును. అయినను వీడియోగేముల కంపెనీలు లక్షలకొలది జనుల చేతిపనిని ఒక్క ప్రకటనతో మాయము చేయుచుండగా, అది వర్తకమర్యాదయే యని పెద్దలు సైతము ఊరకున్నారు. ఈ మౌనము తగదని మా వాదము.

విషయ మెరుగని చదువరుల కొకమాట. కొన్ని యాటలలో ఆడువాడు కేవల మాడువాడు కాడు. రంగములను, అడ్డంకులను, యంత్రములను తానే కల్పించి ఇతరులకు పంపును. అవి కంపెనీవారి సర్వరు ద్వారా లోకమున కందును. సర్వరు నిలిచెనా, దారి మూసికొనును.

2008లో ఇంగ్లండులోని మీడియా మాలిక్యూల్ వారు నిర్మింపగా సోనీవారు వెలువరించిన లిటిల్ బిగ్ ప్లానెట్ అట్టి యాట. ఆడుట, కల్పించుట, పంచుకొనుట యను మూడింటిని చాటి అది జనులను పిలిచెను. జనులు పిలుపు నందుకొని 80 లక్షలకు పైబడిన రంగములను కల్పించిరి. 2021 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 3 సర్వర్లు శాశ్వతముగా మూతపడెను. ప్లేస్టేషన్ 4 మీద మూడవ భాగమునకు మిగిలిన సర్వర్లు 2024 జనవరిలో సాంకేతిక లోపముచే తాత్కాలికముగా నాగినవనిరి. ఏప్రిలులో నవి యిక తెరువబడవనిరి. ఎవరి యంత్రములో వారు దాచుకొన్నవే దక్కినవి. వీడ్కోలు చెప్పుకొనుటకైనను వ్యవధి లేకపోయెను.

నింటెండో వారి సూపర్ మారియో మేకర్ 2015లో వచ్చెను. మరుసటి యేటికే అందు 70 లక్షలకు మించిన రంగములు చేరెను. 2021 మార్చి 31తో క్రొత్తవి స్వీకరించుట మానిరి. 2024 ఏప్రిలులో వీ యూ యంత్రపు ఆన్‌లైన్ సేవయే నిలిచెను. ఇచట నెలల ముందే తెలిపిరి గనుక, ఎవరును గెలువని రంగ మొక్కటియు మిగులరాదని కొందరు ఆటగాండ్రు పూని, గడువులోపల పని ముగించిరి. ముక్కు మొగ మెరుగని యొకని కల్పనను ఒక్కరైనను తుదివరకు చూడవలెనను నా తపన, ఊరూర గ్రంథాలయములు నెలకొల్పిన మన పెద్దల తపనకు చుట్టము కాదా?

లిటిల్ బిగ్ ప్లానెట్ రంగములలో పెక్కింటి ప్రతులు నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో నున్నవన్న, అది అభిమానుల పూనికయే. వారు మేలుకొననిచో మనకు చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొను భాగ్యమైనను దక్కెడిది కాదు.

ఇవి పిల్లలాట లనువారు కలరు. నవలలు చదివిన చెడిపోవుదురనిన దినములును మన యిండ్లలో నుండెను. నేడు మన పిల్లలును మైన్‌క్రాఫ్ట్, రోబ్లాక్స్ వంటి యాటలలో ఇండ్లు కట్టుచు, లోకములు కల్పించుచున్నారు. వారి తొలి రచనలు తాటియాకుపై లేనంతమాత్రమున తృణప్రాయములగునా?

నిబంధనల కొప్పుకొని చేరిరి గదా యనువారును కలరు. ఒప్పుకొనక ద్వారమే తెరుచుకొనని చోట ఆ యొప్పుదల విలువ యెంత? జనుల కల్పనచేత ఆటకు ఆకర్షణ పెరిగెను. ఆ లాభము కంపెనీది, నష్టము రచయితది. సొమ్మొకడిది, సోకొకడిది!

ఖర్చును జూపువారికి మా ప్రత్యుత్తరము: సర్వరును కల్పాంతము నడుపుమని మేము కోరుటలేదు. ప్రతి నిండని చాలును. ఎన్‌సీసాఫ్ట్ వారు 2012లో మూసిన సిటీ ఆఫ్ హీరోస్‌ను నడుపుకొనుటకు 2024 జనవరిలో అభిమానుల సంఘమునకు అనుమతి నిచ్చిరి. నాడిచ్చిన యనుమతి పదునొకం డేండ్లకు ముందేల రాకపోయెను?

శాసనములును చాలవు. అమెరికాలో 2018 నాటి నియమము సర్వరుపై నాధారపడు ఆటలను గ్రంథాలయములు భద్రపరుపవచ్చుననినది. కాని సర్వరు ప్రోగ్రాము న్యాయముగా చేతికి వచ్చినప్పుడే. ఇయ్యవలసినవాడు కంపెనీయే, ఇమ్మని నిర్బంధించు విధి లేదు. తలుపు తీయుటకు సెలవిచ్చి తాళపుచెవిని దాచినట్లున్నది. ఐరోపాలో మూసిన యాటలు ఆడదగిన స్థితిలోనే యుండవలెనను విన్నపమునకు 2025 జూలైలో సంతకములు 10 లక్షలు దాటినవి. అది మెచ్చదగినదే. అయినను ఆట మిగిలి ఆటగాండ్ర రచనలు పోయినచో, గుడి నిలిచి గర్భాలయము శూన్యమైనట్లగును.

మన దేశమున 1954 నాటి శాసనము ప్రతి ప్రచురణకర్తయు తన ఖర్చుతో నొక ప్రతిని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును, మఱి మూడు గ్రంథాలయములకును పంపవలెనని విధించెను. దానివలన ప్రచురణకర్తలు దివాలా తీయలేదు. ఆ ధర్మమునే ఈ వర్తకమునకు నన్వయింపవలెను. మూయుటకు ముందు కనీసము ఆరుమాసముల గడువీయవలెను. ఎవని రచన నాతడు తీసికొనిపోవు సాధన ముండవలెను. మిగిలిన దంతయు ప్రజాగ్రంథాలయమునకు చేరవలెను; తన రచన వలదను కర్త కోరినచో తొలగింపవలెను, ఆంతరంగిక సంభాషణల నసలే చేర్పరాదు.

చదువరులారా, ఈ రాత్రి మీ బిడ్డ ఏమి కల్పించుచున్నాడో, ఏమి కల్పించుచున్నదో అడుగుడు. దాని ప్రతి యింటనున్నదా యని యడుగుడు. లేదనినచో, ఏల లేదని కంపెనీవారిని, శాసనకర్తలను అడుగుట మనవంతు.