గోనెసంచీ, సుంకమూ, కూలివాడూ

మా బొబ్బిలి బజారులో గోనెలు అమ్మే చిన్న వర్తకుడొకడు ఉన్నాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. మొన్న దారిలో ఆపి గోల పెట్టాడు: "మాస్టారూ, ఈ కాగితాలు మావల్ల కాదండీ. బంగ్లాదేశ్ సరుక్కి ఓ రూలు, నేపాల్ సరుక్కి ఇంకో రూలు. ఒకటి నేర్చుకునేలోగా ఇంకోటొస్తాది. పెద్దోళ్ళకి వకీళ్ళున్నారు. మాకెవుడున్నాడు?"

అతని బాధ అబద్ధం కాదు. కాని ఈ బాధనే పెద్ద గొంతుతో చెప్పేవారు వేరే ఉన్నారు. దిగుమతి నిబంధనలన్నీ వ్యాపారానికి సంకెళ్ళు, తెంచివేయండి అంటారు కొందరు. విదేశీ సరుకు మన పరిశ్రమను మింగుతున్నది, సుంకాలు ఇంకా పెంచండి అంటారు మరికొందరు. రెండు పక్షాలూ దేశం పేరే చెబుతాయి. నేనడిగేది మూడో ప్రశ్న: ఆ నిబంధన రాసేటప్పుడు ఆ గదిలో ఎవరున్నారు?

నిబంధనలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1947 విభజనతో నార పండే పొలాల్లో అధికభాగం తూర్పు పాకిస్తానుకు పోయింది. మిల్లులు హుగ్లీ ఒడ్డున మిగిలిపోయాయి. 1949లో మనం రూపాయి విలువ తగ్గించాం, పాకిస్తాన్ తగ్గించలేదు. ఆ తగాదాలో నార వర్తకం స్తంభించింది. అలాంటి కాలంలో దేశానికి ఆసరా అయిన పంటల్లో మన ఉత్తరాంధ్ర గోగు ఒకటి. భీమునిపట్నం రేవు పేరుమీద ప్రపంచ విపణిలో దానికి 'బిమ్లీ' అని పేరు. ఆ పేరు వెనక ఉన్నదెవరు? గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరవేసి, కుళ్ళునీళ్ళలో మోకాళ్ళలోతున నిలబడి నార ఒలిచిన మన రైతుకూలీ.

ఇప్పటి సంగతి చూద్దాం. 2017 జనవరిలో బంగ్లాదేశ్, నేపాల్‌ల నుంచి వచ్చే జనపనార నూలు మీద, గుడ్డ మీద, సంచుల మీద ప్రభుత్వం యాంటీ డంపింగ్ సుంకం వేసింది. గరిష్ఠంగా టన్నుకు సుమారు 352 డాలర్లు. సంచి మీద సుంకం పడగానే సంచిగుడ్డ దిగుమతి చేసి ఇక్కడ కుట్టే దారి తొక్కారు. 2019లో ఆ గుడ్డ మీదికీ సుంకం విస్తరించింది. 2022 చివర సుంకాలను మరో ఐదేళ్ళు పొడిగించారు. 2025 జూన్ 27న బంగ్లాదేశ్ నార సరుకులు అనేకం భూమార్గాన రాకూడదన్నారు. ఒక్క నవా షేవా రేవునే తెరిచి ఉంచారు. పటం తీసి చూడండి. బంగాళాఖాతం తీరాన పుట్టిన సరుకు లంకను చుట్టి బొంబాయి పక్కన దిగాలి! మధ్యలో మన విశాఖ రేవును చూసుకుంటూ పోవాలి. ఈ ప్రదక్షిణం ఖర్చు పెద్ద సంస్థ భరించగలదు. నా శిష్యుడు భరించలేడు.

సుంకం వేయడమే తప్పని నేననను. ఎదుగుతున్న పరిశ్రమకు రక్షణ అవసరమే. కాని ఈ రక్షణ ఎలా పుడుతుందో చూడండి. 1995 నాటి యాంటీ డంపింగ్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు చేసేది స్వదేశీ ఉత్పత్తిదారులు, అనగా మిల్లు యజమానులు. విచారణలో 'ఆసక్తిగల పక్షాలు' అని ఒక జాబితా ఉన్నది. అందులో ఎగుమతిదారుడు ఉన్నాడు, దిగుమతిదారుడు ఉన్నాడు, విదేశ ప్రభుత్వం ఉన్నది, వర్తక సంఘాలు ఉన్నాయి. మిల్లు కార్మికుడు లేడు. గోగు రైతు లేడు. చిత్రమేమిటంటే, పరిశ్రమకు నష్టం జరిగిందని తేల్చడానికి చూడవలసిన అంశాల్లో ఉద్యోగాలూ, వేతనాలూ ఉన్నాయి! అంటే కార్మికుడి ఆకలి సాక్ష్యంగా పనికివస్తుంది. కార్మికుడు మాత్రం పక్షంగా పనికిరాడు.

మరి సుంకం వచ్చాక ఏమైంది? 1867లో పుట్టిన చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. 2017 సుంకం ఆ తాళం తీయలేదు. మా చుట్టుపక్కల గోగు వేసిన చేలల్లో నేడు మొక్కజొన్న కనిపిస్తుంది. చట్టం ప్రకారం ఆహారధాన్యాలు గోనెసంచిలోనే నింపాలి. ఆ సంచులు కొనేది ప్రభుత్వం, ఖర్చు ప్రజలది. పైన సుంకం కోటగోడ, లోపల ఖాయమైన బేరం. ఇంతటి రక్షణ పొందిన యజమాని మీద ఆ సుంకం పెట్టిన షరతు ఒక్కటి చూపించండి. మిల్లు మూయకూడదన్న షరతు ఉన్నదా? గోగు ఇంత కొనాలన్న షరతు ఉన్నదా? లేదు.

"బంగ్లా కూలీ మన కూలి కూడు లాక్కుంటున్నాడు" అనేవారికి ఒక మాట. 2020లో అక్కడి ప్రభుత్వం తన చేతిలోని 25 జనపనార మిల్లులను మూసివేసి వేలాది కార్మికులను వీధిన పెట్టింది. ఖుల్నాలో మూతపడిన మిల్లుగేటు ముందు నిలబడ్డవాడు చిట్టివలస కార్మికుడికి శత్రువా? ఇద్దరి చేతులకూ అంటినది ఒకే నార.

నిబంధనలను తెంచివేయమనేవారి వెంట మనం పోనక్కరలేదు. తెంచితే లాభపడేదీ ఆ పెద్దచేతులే. మనం అడగవలసింది ఇది: విచారణలో కార్మిక సంఘానికీ, రైతు సంఘానికీ స్థానం కల్పించాలి. సుంకంతో పాటు వేతనాల షరతూ, గోగు కొనుగోలు షరతూ ఉండాలి. షరతు తప్పిన మిల్లుకు రక్షణ రద్దు కావాలి. ప్రతి ఉత్తరువూ చిన్న వర్తకుడికి అర్థమయ్యే తెలుగులో అందాలి.

అర్థశాస్త్రం చదివే విద్యార్థులు సుంకమంటే గీతలు గీసి చూపిస్తారు. ఒకసారి ఊరి చెరువుగట్టు మీదికి వచ్చి గోగు రైతును అడగండి, ఆ గీతలో అతనెక్కడున్నాడో. చూపలేకపోతే, తప్పు రైతుది కాదు, గీతది.