తాతమ్మ పేరేంటి?

మీ నాన్నగారి పేరు? ఠక్కున చెబుతారు. తాతగారి పేరు? అదీ చెబుతారు. మరి ముత్తాతగారి భార్య పేరో?

చాలామంది అక్కడే ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు. పెళ్లిలో ప్రవర చదివేటప్పుడు ఫలానావారి మునిమనవడు, మనవడు, కొడుకు అంటూ మూడు తరాల మగవాళ్ల పేర్లే వినిపిస్తాయి. తర్పణాలు వదిలే ఇళ్లలో కాస్త నయం. తల్లి, నాయనమ్మ, తాతమ్మల పేర్లూ అక్కడ పలకాలి కాబట్టి గుర్తుంచుకుంటారు.

ఈ వెలితి బయటపడేది వంశవృక్షం రాద్దామని కూర్చున్నప్పుడే. ఆ సరదా ఎక్కువగా పుస్తకాలు చదివేవాళ్లకే పుడుతుంది. అలెక్స్ హేలీ 'రూట్స్'కి సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' చదివి, తమ తరాలు ఎన్ని తెలుసో వేళ్ల మీద లెక్కపెట్టుకోని వాళ్లుంటారా! ఆఫ్రికాలోని ఓ పల్లెలో వంశగాథలు చెప్పే ముసలాయన నోట తన పూర్వీకుడి పేరు విన్నానని 1976లో హేలీ రాశాడు. తర్వాత పరిశోధకులు పాత కాగితాలు తిరగేసి ఆ లెక్క కుదరడం లేదన్నారు. పుస్తకం గొప్పదే. కానీ ఒక్కరి నోటిమాట మీద వంశవృక్షాన్ని నిలబెట్టలేం.

రాయడానికి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంకో తమాషా. వంశవృక్షాల సాఫ్ట్‌వేర్లు వాడుకునే గెడ్‌కామ్ అనే పద్ధతి 1984లో అమెరికాలో పుట్టింది. భర్త, భార్య, పిల్లలు... వరసగా గడులు నింపుకుంటూ పోవడమే. మన ఇళ్లలో మేనరికాలున్నాయే! అక్క కూతుర్ని చేసుకున్న మేనమామ ఒక్కడున్నా చాలు, వాళ్ల పిల్లలకు నాయనమ్మే అమ్మకు అమ్మమ్మ అవుతుంది. ఒకే మనిషి చెట్టులో రెండు కొమ్మల మీద కనిపిస్తుంది. పొరపాటనుకుని చెరిపేయకండి.

సొంతంగా వెబ్‌సైటు కట్టుకునేవాళ్లకు ఇవి కాక వేరే తిప్పలు. పేజీ మొదట్లో యూటీఎఫ్-8 అన్న ముక్క మరిచిపోతే తాతలూ ముత్తాతలూ పిచ్చిగీతల్లా కనిపించవచ్చు. బతికున్నవాళ్ల పుట్టినతేదీలు అందులో పెట్టొద్దు. ఎంత కష్టపడి చేసినా ఓ ప్రింటు బీరువాలో ఉండాల్సిందే. జియోసిటీస్‌లో లక్షలమంది ఉచితంగా పేజీలు కట్టుకున్నారు. 2009 అక్టోబరులో దాన్ని మూసేశారు. కొందరు ఔత్సాహికులు కాపీ చేసి దాచినవి తప్ప మిగతావన్నీ పోయాయి.

ఇంతా చేశాక కూడా 'భార్య' అన్న గడి ఖాళీగానే కనిపిస్తుంది. అది నింపగలిగేది ఎనభైల్లో ఉన్న ఏ మామ్మో, పెద్దత్తో. వాళ్లను అడిగితే ముందు వచ్చే జవాబు ఇలా ఉంటుంది:

"మా అత్తగారి పేరా? అత్తయ్యా అనేదాన్ని నాయనా. పేరుతో నాకేం పని?"

అంతటితో వదిలేయకూడదు. "పోనీ మామ్మా, మీ పిల్లల్లో ఆవిడ పేరు ఎవరికి పెట్టారు?" అనడగాలి. ఇంట్లో అందరూ అమ్మాజీ, అమ్మడు, బుల్లెమ్మ అని పిలిచే ఆడపిల్ల ఒకరు ఉండే ఉంటారు. అత్తగారి పేరు పిల్లకు పెట్టాక కోడలు ఆ పేరుతో కేకలేయలేదు కదా! అందుకే ముద్దుపేరు. ఆ అమ్మాజీ బడి సర్టిఫికెట్ తీసి చూస్తే తాతమ్మ పేరు దొరికినా దొరకవచ్చు.

పసుపు కుంకుమల కింద పుట్టింటివారు పొలం రాసిచ్చి ఉంటే ఆ దస్తావేజు వెతకండి. అందులో ఆమె పేరుతోపాటు తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. అంటే పుట్టింటి కొమ్మ మొదలన్నమాట.

కాగితాలకు చెదలు పట్టాయంటారా? అటక మీది ఇత్తడి సామాను కిందికి దించండి. సారె బిందెల మీద, గంగాళాల మీద పేర్లు చెక్కించడం మనవాళ్ల అలవాటు. తోమీ తోమీ అక్షరాలు అరిగిపోయి ఉంటే కాస్త బియ్యప్పిండి రుద్ది, వెలుతురు పక్కనుంచి పడేలా ఉంచి ఫొటో తీయండి. ఆ బిందెలను పాతసామాన్లవాడికి వేసేయక ముందే ఈ పని కానివ్వాలి. ఈ సంక్రాంతికి అటక సర్దుతారుగా...