నిచ్చెన ఎవరిది?

హాలీవుడ్ పాత నేరకథా చిత్రాల్లో 1950లో వచ్చిన 'ది డామ్డ్ డోంట్ క్రై' ఒకటి. జాలీ దయా లేని ఒక ఆడది పైకెగబాకిన కథ అని దాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మన అభ్యంతరం ఆ ముక్క మీదే.

కథ చూడండి. ఎథెల్ (జోన్ క్రాఫర్డ్) చమురు బావుల దగ్గర పనిచేసే కార్మికుడి భార్య. కొడుక్కి సైకిల్ కొనడం కూడా ఆ ఇంట్లో గొడవే. అదే సైకిల్ మీద వెళ్తూ బిడ్డ లారీ కింద పడి చనిపోతాడు. ఆమె ఇల్లు వదిలి నగరం చేరుతుంది. చుట్టలమ్మే కౌంటర్లో నిలబడుతుంది, బట్టల వ్యాపారి దగ్గర మోడల్ అవుతుంది. చివరికి నేరముఠా నాయకుడు కాసిల్‌మన్ డబ్బుతో పేరు మార్చుకుని ధనిక స్త్రీగా అవతారమెత్తుతుంది. ఎదురుతిరుగుతున్న అనుచరుడి గుట్టు లాగడానికి అతను ఆమెనే ఎరగా పంపుతాడు. ఆమె ఆ అనుచరుణ్ణి ప్రేమించిందని తెలిశాక ఆమెను చావగొడతాడు, వాణ్ణి చంపేస్తాడు.

ఎథెల్ ఏ తప్పూ చెయ్యలేదని మనం అనడం లేదు. తనను ప్రేమించిన అకౌంటెంట్‌ను ముఠా లెక్కల్లోకి దించింది, అవసరం తీరాక వదిలేసింది. కానీ ఆ నిచ్చెన ఆమె కట్టిందా? ప్రతి మెట్టు మీదా ఒక మగవాడు కూర్చుని ఉన్నాడు. ఆమె దగ్గర వాళ్లు కొన్నది ఆమె అందాన్నే. హత్యలు చేసే కాసిల్‌మన్ 'గట్టివాడు', ఆమె మాత్రం 'దయలేనిది'! ఇదెక్కడి న్యాయం?

ఆడదాని నడవడిని తూచే ఈ తక్కెడ తెరకే పరిమితం కాదు. అత్యాచార కేసుల్లో బాధితురాలిది 'చెడు నడత' అని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారేయడానికి మన సాక్ష్య చట్టంలోని 155(4) వీలిచ్చింది. 2002 సవరణ దాన్ని తొలగించింది. చట్టంలోంచి పోయినంత మాత్రాన అది నోళ్లలోంచి పోయిందా? మన కేంద్రానికి వచ్చే స్త్రీ గురించి మొదట అడిగేది ఇప్పటికీ 'ఆమె ఎలాంటిది?' అనే కదా!

సినిమా చివర ఎథెల్ ఏ పేదింటి నుంచి బయల్దేరిందో ఆ పుట్టింట్లోనే గాయాలతో పడి ఉంటుంది. ఆమె ఇక్కణ్ణుంచి మళ్లీ బయటపడాలని చూస్తుందా అని బయట ఒకడు అడిగితే, నువ్వయితే చూడవా అని రెండోవాడు ఎదురు ప్రశ్న వేస్తాడు. సినిమా మొత్తంలో న్యాయమైన ప్రశ్న అదే. ఆమె ఎలా ఎక్కిందని నిలదీసే ముందు, ఆమెకు వేరే దారి ఎవరు మిగిల్చారో అడుగుదాం.