మాల్గుడి స్వామి, మా అవ్వ

దూరదర్శన్ పాత్రల్లో నాకు ఈనాటికీ కళ్ళముందు మెదిలేవాడు 'మాల్గుడి డేస్' స్వామి. ఆర్.కె. నారాయణ్ ఇంగ్లీషులో రాసిన కథలను కన్నడిగుడు శంకర్ నాగ్ 1980లలో హిందీ సీరియల్‌గా తీశారు. ఆగుంబేలో తిరిగిన ఆ స్వామి, అంటే మాస్టర్ మంజునాథ్, బళ్ళారిలోని మా తెలుగింటికి పక్కింటి పిల్లాడైపోయాడు.

హిందీ రాని మా అవ్వకు నేను మాట మాటా తెలుగులో చెప్పేవాణ్ణి. కొన్ని వారాలకు, "చెప్పొద్దులేరా, వాడి మొహం చూస్తే తెలుస్తోంది" అంది.

స్వామి వీరుడు కాడు. నాన్నంటే భయం, లెక్కలంటే భయం. అందుకే మనవాడయ్యాడు. నారాయణ్ నవలలో వాడికి తన స్నేహితుడి గొప్పలు అవ్వకు చెప్పాలని ఒకటే ఆత్రం. ఆమె తాతగారి సంగతి ఎత్తితే మాత్రం చెవిన పెట్టడు.

నేనూ అంతే. అవ్వ తన పుట్టింటి ఊసులు మొదలుపెడితే, "ఉండవ్వా, సీరియల్ వస్తోంది" అనేవాణ్ణి. ఆ సీరియల్ ఇప్పుడు ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చు. అవ్వ చెప్పబోయిన కబుర్లే ఇక దొరకవు.

మీ ఇంట్లో అవ్వ ఉంటే, ఈ సెలవుల్లో టీవీ కాసేపు కట్టేసి, పిల్లల్ని ఆమె పక్కన కూర్చోబెట్టండి.