కేబుల్ చేరింది, గ్రంథాలయం కదలాలి

చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భంలో వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రధాని 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతవరకు ఉపగ్రహాలపైనే ఆధారపడిన దీవులకు ఇది పెద్ద ఊరట. రూ.1,224 కోట్ల ఈ పథకం ఫలితం వ్యాపార, పర్యాటక రంగాలకే పరిమితం కారాదు. గ్రంథాలయాలకూ అందాలి.

కావలసిన పుస్తకం పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) ఉన్నదో లేదో తెలుసుకోవడానికి గ్రేట్ నికోబార్ విద్యార్థి ఓడ ఎక్కవలసిన అవసరం ఉండరాదు. పుస్తకాల జాబితాను ఇంటర్నెట్‌లో ఉంచడం తొలిమెట్టు మాత్రమే. పాఠకుడు ఫోన్‌లో ప్రశ్న పంపితే గ్రంథపాలకుడు బదులివ్వాలి. తెలుగు, బెంగాలీ, తమిళం, హిందీ, నికోబారీ మాట్లాడేవారు కలసి నివసించే దీవుల్లో ఏ భాషలో ఏ గ్రంథాలు కొనాలో పాఠకులే సూచించాలి. ఆ సూచనలు అందరికీ కనిపించాలి.

పాఠకుని కాలం ఆదా చేయాలని, గ్రంథాలయం నిత్యం పెరిగే జీవి అని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు. ఫేస్‌బుక్‌లో పేజీ తెరచి పట్టించుకోకపోతే అది తాళం వేసిన గ్రంథాలయంతో సమానం. బదులిచ్చే సిబ్బందికి శిక్షణ, ఓడలపై పుస్తకాలు పంపే ఏర్పాటు తక్షణావసరం. కేబుల్‌కైన వ్యయంతో పోలిస్తే ఇది స్వల్పమే.