ఓడిన డిజైన్లకూ ఒక లెక్క ఉండాలి

99డిజైన్స్‌ను నడుపుతున్న విస్టా యాజమాన్యానికి బహిరంగ లేఖ



మెల్‌బోర్న్‌లో సైట్‌పాయింట్ సంస్థ చుట్టూ చేరిన వెబ్ డిజైనర్లు తమలో తాము ఆడుకున్న పందేలే 2008లో 99డిజైన్స్ అనే కంపెనీ అయ్యాయి. ఒకరు ఏదో ఊహించి పని చెప్పేవారు, మిగతావాళ్లు దానికి డిజైన్లు వేసేవారు. గెలిస్తే మెచ్చుకోలు, ఓడితే నాలుగు జోకులు. తర్వాత నిజమైన వ్యాపారులు నిజమైన డబ్బుతో వచ్చారు. కంపెనీ అమెరికా చేరింది. 2011లో యాక్సెల్ తదితర పెట్టుబడిదారులు 3.5 కోట్ల డాలర్లు పెట్టారు. 2020 అక్టోబర్‌లో విస్టాప్రింట్ కొనేసింది. ఇంత పెరిగినా పోటీల్లో అసలు సూత్రం మాత్రం పాతదే: ఒకరికి డబ్బు, మిగతా అందరికీ అనుభవం.

దుకాణం కట్టెయ్యమని అడగడానికి రాస్తున్న లేఖ కాదిది. అలా అడిగేవాళ్లు అమెరికాలో ముందునుంచీ ఉన్నారు. 1914లో పుట్టిన డిజైనర్ల వృత్తి సంఘం ఏఐజీఏ, డబ్బు మాట తేల్చకుండా చేయించుకునే పనిని ఏళ్ల తరబడి తప్పుపడుతూనే వచ్చింది. వాళ్ల వాదనలో బలం ఉంది. అయితే అది న్యూయార్క్‌లో సొంత స్టూడియో ఉన్నవాళ్లకి నప్పినట్టు, గుంటూరులో డీటీపీ సెంటర్ వెనక గదిలో ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న కుర్రాడికి నప్పదు. డిగ్రీ అడగకుండా, ఇంగ్లీషు ఎలా మాట్లాడతాడో చూడకుండా అతన్ని లోపలికి రానిచ్చే వాకిలి ఆన్‌లైన్ పోటీ ఒక్కటే కావచ్చు. ఆ వాకిలి తెరిచే ఉండాలి. లోపలికి వచ్చినవాడి చేత వెట్టి చేయించకూడదు, అంతే.

పోటీల్లోంచి మంచి పని పుట్టదని కూడా ఎవరూ అనలేరు. ప్లాస్టిక్ సీసాల అడుగున, అట్టపెట్టెల మీద రోజూ కనిపించే మూడు బాణాల రీసైక్లింగ్ గుర్తు పోటీలో పుట్టిందే. 1970లో కంటైనర్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా విద్యార్థులకు పెట్టిన పోటీలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థి గ్యారీ ఆండర్సన్ దాన్ని గీశారు. అదే అమెరికాలో పోటీ పేరుతో నవ్వులపాలైనవాళ్లూ ఉన్నారు. 2011లో ఒబామా ఎన్నికల ప్రచార బృందం పోస్టర్ల పోటీ పెట్టింది. అంశం ఉద్యోగాల కల్పన. గెలిచినవాళ్లకు ఇస్తామన్నది అధ్యక్షుడి సంతకంతో ఫ్రేము కట్టిన పోస్టర్. దాని విలువ 195 డాలర్లని వాళ్లే లెక్క కట్టారు. ఉద్యోగాల గురించి ఊరికే పని చేసిపెట్టమనడం ఏమిటని డిజైనర్లు ఏకిపారేశారు. ఏఐజీఏ కూడా అభ్యంతరం చెప్పింది. నిజానికి ఆ పోటీ మీద కోపం కన్నా జాలే ఎక్కువ కలుగుతుంది. అంతమంది సలహాదారుల్లో ఒక్కరికైనా తట్టలేదా?

మీ పోటీల్లో అంత అన్యాయం లేదు, డబ్బు ఉంది. ఎంత ఉంది, ఎన్ని చేతులకు ఉంది అన్నదే ప్రశ్న. మీ లోగో పోటీల్లో అన్నిటికన్నా చిన్న ప్యాకేజీ చాలాకాలం 299 డాలర్లుగా ఉంటూ వచ్చింది. ఒక పోటీకి ముప్పైమంది దిగారని, ఒక్కొక్కరు నాలుగు గంటలు కూర్చున్నారని అనుకుందాం. నూట ఇరవై గంటల పని. మొత్తం 299 డాలర్లనూ ఆ గంటలకు పంచినా గంటకు రెండున్నర డాలర్లు రావు. అమెరికా ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచీ 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయిందని అందరూ తిట్టిపోస్తుంటారు. ఇది దానిలో మూడో వంతు. పైగా ఆ 299లో మీ వాటా పోగా మిగిలింది ఒక్కరికే వెళ్తుంది. ఇరవై తొమ్మిది మందికి సున్నా.

ఇప్పుడు ఆ నాలుగు గంటల్లో ఏం జరుగుతుందో చూడండి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఎవరో రెస్టారెంట్ పెడుతున్నారు. పేరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉండాలని బ్రీఫ్‌లో ఒక వాక్యం రాసి వదిలేశారు. తెలుగు రాని డిజైనర్ ఆ పేరును ఇలస్ట్రేటర్‌లో అతికిస్తాడు. భారతీయ లిపులకు పనికొచ్చే కంపోజర్‌ని సెట్టింగుల్లో ఎంచుకోకపోతే వత్తులన్నీ ఊడి పక్కన కూర్చుంటాయి. ‘సంక్రాంతి’ కాస్తా ‘సంక్‌రాంతి’ అవుతుంది. తెలుగు తెలిసినవాడు మాత్రం ఫాంటు వెతుక్కుంటాడు, అక్షరాలను అవుట్‌లైన్ చేస్తాడు, క్రావడి పక్క అక్షరాన్ని ఢీకొట్టకుండా ఒక్కో యాంకర్ పాయింట్‌నీ జరుపుకుంటూ కూర్చుంటాడు. ఫ్రిస్కోలో పొద్దున తొమ్మిదికి వచ్చిన వ్యాఖ్యకి హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నరకో ఎనిమిదిన్నరకో జవాబివ్వాలి కాబట్టి రాత్రి భోజనం కూడా కంప్యూటర్ ముందే. ఇంతా చేశాక ఖాతాదారు తెలుగు అక్షరాలే వద్దని మనసు మార్చుకుంటే ఆ పనికి ఎక్కడా పద్దు ఉండదు.

అందరికీ డబ్బివ్వమని అడగడం అత్యాశే. అరగంటలో క్లిప్ ఆర్ట్ అతికించి పడేసినవాడికీ రాత్రంతా అక్షరాలు చెక్కినవాడికీ ఒకే కూలి ఇస్తే అది మరో అన్యాయం. కానీ ఆ రెండోవాణ్ని గుర్తుపట్టే పద్ధతి మీ దగ్గరే ఉంది. నాలుగు రోజుల తొలి రౌండు అయ్యాక ఖాతాదారు ఆరుగురి దాకా ఫైనల్‌కు ఎంచుకుని ఇంకో మూడు రోజులు మార్పులు చేయించుకుంటాడు. ఈ దశలో పని ఎవరికి వాళ్లు సరదాపడి చేసేది కాదు. ఖాతాదారు పేరు పెట్టి అడిగి చేయించుకునేది. అడిగి చేయించుకున్న పనికి డబ్బివ్వాలని ఏ ఊరి ధర్మమైనా చెబుతుంది.

భారత ప్రభుత్వం ఈ సంగతి 2009లోనే గ్రహించింది. రూపాయి గుర్తు కోసం ఆర్థిక శాఖ పెట్టిన పోటీకి 3,331 డిజైన్లు వచ్చాయి. వాటిలోంచి తుది వడపోతకు నిలిచిన ఐదింటికీ తలా 25,000 రూపాయలు, గెలిచిన డి.ఉదయకుమార్‌కు రెండున్నర లక్షలు. ఆ పోటీలో లోపాలు లేవని కాదు. డిజైన్‌కు 500 రూపాయల ప్రవేశ రుసుము వసూలు చేశారు, ఎంపిక తీరు మీద ఒకరు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లారు. కానీ చివరి మెట్టు దాకా వచ్చినవాణ్ని ఉత్త చేతులతో పంపకూడదన్న ఇంగితం అందులో ఉంది. మీరు అదే పని ఇంకా తెలివిగా చెయ్యొచ్చు. ఖాతాదారు ఎంచుకునే ఒక్కో ఫైనలిస్టుకూ పాతిక డాలర్లు అదనమని పెట్టండి. దానికి ఇంకో పాతిక మీ వాటాలోంచి కలపండి. అప్పుడు ఆరుగురు ఊరికే వస్తున్నారు కదా అని ఆరుగురినీ లాక్కునే అలవాటు పోతుంది. ఇద్దరు చాలనుకుంటే ఇద్దరినే తీసుకుంటారు. మిగతా నలుగురూ ఆ మూడు రోజులు వేరే పని చూసుకుంటారు.

ఇక దాపరికం సంగతి. ఒకరి డిజైన్ మరొకరికి కనబడకుండా పోటీ పెట్టుకునే వీలు మీ దగ్గర ఉంది, కానీ అది ఖాతాదారు ఇష్టం. తెరిచి ఉంచిన పోటీలో జరిగేదేమిటో అందులో దిగిన ఎవర్ని అడిగినా చెబుతారు. ఖాతాదారు పొద్దున ఒక నీలిరంగు ఆకుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాడు. సాయంత్రానికి నీలిరంగు ఆకులు పది. మొదటి ఆకు గీసినవాడి ఆలోచన గాలిలో కలిసిపోతుంది. మోసపోయేది అతనొక్కడే కాదు. ముప్పై బుర్రల కోసం డబ్బు కట్టిన ఖాతాదారుకి ఒకే బుర్ర ముప్పై సార్లు దక్కుతుంది.

అమెరికా గర్వపడే ఒక పోటీ చీకట్లోనే జరిగింది. 1981లో వియత్నాం సైనికుల స్మారకం కోసం 1,421 నమూనాలు వచ్చాయి. ఎవరిదీ పేరు లేదు, అన్నిటికీ అంకెలే. ఆండ్రూస్ వైమానిక స్థావరంలోని విమానాల షెడ్డులో వాటిని వరసగా నిలబెట్టారు. న్యాయనిర్ణేతలు ఎనిమిది మంది. వాళ్లు ఎంచుకున్న 1026వ నంబరు నమూనా యేల్ యూనివర్సిటీలో ఇంకా డిగ్రీ చదువుతున్న ఇరవై ఒక్కేళ్ల అమ్మాయిదని తర్వాతే తెలిసింది. మాయా లిన్, ఒహాయోలో పుట్టిన చైనా వలస కుటుంబపు బిడ్డ. బహుమతి 20,000 డాలర్లు. పేరు బయటపడ్డాక ఆమె పుట్టుపూర్వోత్తరాల మీద వచ్చిన ఈసడింపులు చూస్తే, ఆ పేరు ముందే తెలిసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. వాషింగ్టన్‌లో ఆమె డిజైన్‌తో లేచిన ఆ నల్లరాతి గోడ ముందు నిలబడి ఫొటో దిగని తెలుగు కుటుంబం అరుదు.

తొలి రౌండులో డిజైన్లు కనబడకపోవడం, డిజైనర్ల పేర్లు ఖాతాదారుకి తెలియకపోవడం మామూలు పద్ధతి కావాలి. తెరిచి పెట్టాలంటే ఖాతాదారు కారణం రాయాలి. పక్కవాళ్ల పని చూసి నేర్చుకునే అవకాశం పోతుందని ఎవరైనా అంటే, పోటీ ముగిశాక అన్నీ బయట పెట్టండి. నేర్చుకోవడానికి ఆ ఏడు రోజులే అక్కర్లేదు.

డబ్బు వాపసు గురించి కూడా మాట్లాడుకోవాలి. బహుమతి తప్పక ఇస్తానని ఖాతాదారు గ్యారంటీ ఇవ్వని పోటీలో, కొన్ని షరతులకు లోబడి, డిజైన్లు నచ్చలేదంటే ఖాతాదారు డబ్బు తిరిగి ఇస్తామని మీరు ప్రకటించుకుంటారు. ఆ ఉదారత ఎవరి సొమ్ముతో? డిజైనర్ల గంటలతో. ఈ విషయంలో అమెరికా చట్టం తన ప్రభుత్వ శాఖలకు పెట్టిన కట్టుబాటు మీకు పనికొస్తుంది. 2011 జనవరిలో సంతకమైన ‘అమెరికా కాంపీట్స్’ పునరుద్ధరణ చట్టం ప్రకారం, బహుమతికి కావలసిన మొత్తం డబ్బు మంజూరైతేనో, ఎవరైనా రాతపూర్వకంగా ఒప్పుకుంటేనో తప్ప ఫెడరల్ శాఖలు పోటీని ప్రకటించడానికే వీల్లేదు. పోటీదారు రాసి ఇవ్వందే వాళ్ల మేధో సంపత్తిలో ప్రభుత్వం వాటా పొందడానికీ వీల్లేదు. కాబట్టి ప్రతి పోటీకీ గ్యారంటీ ఉండాలి. ఖాతాదారు ఎవరినీ ఎంచుకోకపోతే, గ్యారంటీ పోటీల్లో మీరు చేస్తున్నట్టే, ఆ సొమ్ము పోటీదారులకు పంచాలి. నిజంగానే పనికిమాలిన డిజైన్లే వచ్చాయని ఖాతాదారు అంటే మీ మనిషి ఒకరు చూసి తేల్చాలి.

ఎందుకంటే ఖాతాదారు బాధ కూడా నిజమే. న్యూజెర్సీ ఎడిసన్‌లో కిరాణా కొట్టు పెట్టిన దంపతులకు వచ్చిన లోగో ఎవరిదో స్టాక్ బొమ్మ అని ఆరు నెలల తర్వాత లాయర్ నోటీసుతో తెలిస్తే, వ్యాను మీద, బోర్డు మీద, సంచుల మీద అచ్చేసిన ఖర్చు ఎవరిస్తారు? ఇప్పుడు ఏఐ బొమ్మలు తోడయ్యాయి. మనిషి సృజన లేని, కేవలం ప్రాంప్టుతో పుట్టిన బొమ్మకు కాపీరైట్ లేదని అమెరికా కాపీరైట్ ఆఫీసు 2023 మార్చి మార్గదర్శకాల్లోనూ 2025 జనవరి నివేదికలోనూ స్పష్టం చేసింది. ట్రేడ్‌మార్క్ సంగతి వేరు. కానీ కాపీరైట్ సహా కొనుక్కున్నామని నమ్మినవాళ్లకు చేతిలో ఏమీ లేదని చెప్పేదెవరు? డిజైన్ ఎక్కించేటప్పుడే ఏ భాగం గీసింది, ఏది కొన్నది, ఏది ఏఐ వేసింది అని రాయించుకోవాలి. డబ్బు చేతులు మారేముందు సోర్స్ ఫైల్ తెరిచి చూడాలి. నిజాయితీగా గీసే డిజైనర్‌కు ఇది మేలే.

అమెరికాలో ఫ్రీలాన్సర్లకు చట్టాలు వస్తున్నాయి కదా అంటారేమో. న్యూయార్క్ నగరంలో 2017లో మొదలై, 2024లో న్యూయార్క్, ఇల్లినాయ్ రాష్ట్రాలకు, 2025లో కాలిఫోర్నియాకు పాకాయి. అవన్నీ ఒప్పందం ఉన్నవాళ్లకి సకాలంలో డబ్బు ఇప్పించేవి. ఓడిన పోటీదారుకి అసలు ఒప్పందమే ఉండదు.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లను నేరుగా తాకే సంగతి ఇంకొకటుంది. భర్త ఉద్యోగం వెంట హెచ్-4 వీసా మీద వచ్చి, పని అనుమతి కోసం ఏళ్లుగా ఎదురు చూస్తున్న ఇల్లాళ్లలో మంచి డిజైనర్లు ఉన్నారు. ఎఫ్-1 విద్యార్థుల్లోనూ ఉన్నారు. హెచ్-4 వాళ్లలో కొందరికి మాత్రమే పని అనుమతి ఇచ్చే నిబంధన 2015లో వచ్చింది. అనుమతి లేనివాళ్లకు ఈ దేశంలో కూర్చుని సంపాదించే వీలు లేదు. బహుమతి అని పేరు పెట్టినంత మాత్రాన అది పని కాకుండా పోతుందా అన్నది ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా తేల్చుకోకూడని ప్రశ్న. రెండు వందల డాలర్ల కోసం గ్రీన్‌కార్డు దస్తావేజులను ఇరకాటంలో పడేసుకునేవాళ్లు ఉండకూడదు. ఇందాక చెప్పిన ఫెడరల్ పోటీల చట్టం నగదు బహుమతి పొందే వ్యక్తి పౌరుడో శాశ్వత నివాసో కావాలని మొహం మీదే చెబుతుంది. వినడానికి చేదుగా ఉన్నా అందులో మోసం లేదు. ఖాతా తెరిచే పేజీలోనే, ‘చేరండి’ అన్న బటన్‌కి పైనే, అంత స్పష్టంగానూ మీరూ హెచ్చరిక పెట్టాలి.

ఇవన్నీ ఒక్కసారి మార్చడం కుదరదంటే, తెలుగు, తమిళం, హిందీ లాంటి లిపులు అడిగే లోగో పోటీలతో మొదలుపెట్టండి. మూడు నెలలు చాలు. తొలి రౌండు మూసి ఉంచి, ప్రతి పోటీకీ గ్యారంటీ పెట్టి, ఫైనలిస్టులకు డబ్బిచ్చి చూడండి. ఎంతమంది ఖాతాదారులు వెనక్కి తగ్గారు, ఎంతమంది డిజైనర్లు రెండో పోటీకి కూడా వచ్చారు, ఎన్ని ఫిర్యాదులు తగ్గాయి అన్న లెక్కలు మీ సర్వర్లలోనే ఉంటాయి. వాటిని మార్చకుండా ప్రచురించండి. నష్టమొచ్చిందని ఆ లెక్కలు చెబితే, పాతిక డాలర్లు ఎక్కువా తక్కువా అన్న దగ్గర బేరానికి కూర్చుందాం.